ముందు నీళ్లకు తొవ్వ, తర్వాతే మొక్క: ఊరి చెరువును ఊరోళ్లే కాపాడుకునుడెట్ల

నల్లగొండల, పాలమూరుల మడ అడవులు లెవ్వు. నది నీళ్లు, సముద్రపు ఉప్పునీళ్లు కలిసే కాడనే అవి మొలుస్తయి. మన కృష్ణమ్మ నారాయణపేట దిక్కున తెలంగాణల అడుగుపెట్టి జూరాల, శ్రీశైలం, సాగర్ దాటి చివరికి హంసలదీవి కాడ సముద్రంల కలుస్తది, ఆ చుట్టుపక్కల మడ అడవులున్నయి. గోదావరి కలిసే కాడ కాకినాడ పక్కన కోరింగ ఉంది, 1978ల అభయారణ్యం చేసిండ్రు, 235 చదరపు కిలోమీటర్ల దాక ఉంటది. మన చెరువుల గురించి రాస్త అని చెప్పి కోరింగ ముచ్చట ఎందుకు తెస్తున్ననంటే, నీళ్లుండే నేలను ఊరోళ్లు కూడి ఎట్ల బతికించుకోవాల్నో అక్కడ మస్తుగ అర్థమైతది, అదే పద్ధతి మన చెరువుకు అక్షరాల పనికొస్తది.

అక్కడ ఏమైందంటే, చెట్లు కొట్టి కొట్టి కొన్ని జాగలు బోడిగైనయి, ఆ బోడి నేల ఎండకు కుంగి పల్లం పడ్డది, సముద్రం పోటుకు వచ్చిన నీళ్లు ఆ పల్లంల ఆగిపోయి ఆవిరై ఉప్పు పేరుకపోయింది, ఇగ ఆ ఉప్పుల ఏ మొక్క పెట్టినా బతకలే. 1990లల ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థోళ్లు, అటవీశాఖోళ్లు, ఆ ఊర్ల జనం కూడి మొక్కల కంటె ముందు కాలువలు పట్టుకున్నరు. ఒక పెద్ద కాలువ, దానికి రెండు దిక్కుల ఏటవాలుగ పిల్ల కాలువలు, చూస్తే చేప ముల్లు లెక్క ఉంటది కాబట్టి ఫిష్‌బోన్ కాలువలు అంటరు. ఆటుపోట్లకు నీళ్లు వచ్చిపోవుడు మొదలైతే ఉప్పు తగ్గింది, అప్పుడు తెల్లమడ మొక్కలు పెడితే నిలబడ్డయి. కాలువల పూడిక తీసుడు, మొక్కలను కాపాడుడు ఊరి కమిటీలే చూసుకున్నయి. అంటే ముందు నీళ్లకు తొవ్వ, తర్వాతే మొక్క. మన దగ్గర మాత్రం ఉల్టా, చెరువు కాపాడుదాం అనంగనే అందరు గుంతలు తీసి మొక్కలు పెట్టి ఫొటో దిగుతరు, నీళ్లొచ్చే కాలువ దిక్కు ఎవ్వరు చూడరు.

అందుకే మొదటి పని చెరువు కాడికి పోవుడు కాదు, చెరువుకు నీళ్లొచ్చే కాలువ పట్టుకొని పైకి నడుసుడు. మన చెరువులు చానా మట్టుకు గొలుసుకట్టు చెరువులు, పై చెరువు మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు వస్తయి, నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం తీరుగ ఎన్నో వందల ఏండ్ల కిందటివి కూడ ఉన్నయి. ఏప్రిల్, మే నెలల్ల నేల ఎండి ఉన్నప్పుడు పొద్దుగాల ఐదున్నరకే బయలెల్లండి. ఊర్ల నీరటి పని (తూము తీసి చేన్లకు నీళ్లిడిచే పని) చేసినాయన ఉంటే కచ్చితంగ తీస్కపోండి, ఆయన లేకుంటే గొర్లు కాసే పెద్దమనిషిని అడగండి, వాన పడితే నీళ్లు ఎక్కడికెల్లి ఎటు మల్లుతయో వాళ్లకు తెల్సినంత ఏ మ్యాపుల ఉండదు. ఫోన్ మంచిగ వాడే పిల్లగాడు ఒకడు ఉండాలె, కాలువ ఆగిపోయిన ప్రతి జాగ కాడ లొకేషన్ పడే తీరుగ ఫొటో తియ్యాలె.

నడుస్తుంటే మీకే కనపడ్తయి. కొత్త రోడ్డు ఏసినప్పుడు కింద పెట్టిన పైపు చిన్నగుంటది, మట్టితోని సగం నిండి ఉంటది. ఒక కాడ రైతు కాలువను చదును చేసి చేన్ల కలుపుకొని ఉంటడు. ఇంకో కాడ ప్లాట్ల వెంచరోళ్లు మొత్తం పూడ్చి రాళ్లు పాతి ఉంటరు, షాద్‌నగర్, చౌటుప్పల్ దిక్కు ఇది మరీ ఎక్కువ. ఈ మూడింటిని ఒక్క తీరుగ చూడొద్దు. పైపుకు పంచాయతి గాని రోడ్ల శాఖ గాని కావాలె. వెంచరుకు కాగితం కావాలె, అది కింద చెప్త. రైతుతోని మాత్రం ముందు కూసొని మాట్లాడాలె, ఆయన మనోడే, ఆయన బోరు కూడ చెరువు నిండితేనే పోస్తది, కాలువ వెడల్పు ఇంత ఇడిచిపెట్టు, దాటేతందుకు తూము పైపు మేం ఏపిస్తం అంటే ఒప్పుకునేటోళ్లే ఎక్కువ. కేసు పెడ్తం అని మొదలు పెడితే మాత్రం ఊరు రెండు ముక్కలైతది, చెరువు అట్లనే ఉంటది.

ఇగ హద్దు సంగతి. చెరువు నిండుగున్నప్పుడు నీళ్లు ఎక్కడిదాక నిలుస్తయో దాన్నే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటరు, ఆ లోపటి భూమిని శిఖం అంటరు. మత్తడి మీదికెల్లి నీళ్లు సన్నగ దుంకుడు మొదలైన పూట, నీళ్ల అంచు ఎక్కడుందో అదే మీ ఎఫ్‌టీఎల్, దానికంటె గట్టి సాక్ష్యం ఉండదు. కాబట్టి మత్తడి పడ్డదని తెల్వంగనే ఇద్దరు ముగ్గురు బయలెల్లి నీళ్ల అంచు పట్టుకొని చెరువు చుట్టు తిరగాలె, జర జర దూరానికి ఒక ఫొటో, తారీఖు, టైము, లొకేషన్ పడాలె, ఎన్కల గుర్తుపట్టే చెట్టో, కరెంటు స్తంభమో, గుండో కనపడాలె. ఆ ఫొటోలు ఒక్కరి ఫోన్ల ఉంచకండి, పంచాయతి గ్రూపుల ఏయండి, నాలుగు ప్రింట్లు తీసి దాచండి. మన దిక్కు చెరువు నిండుడు ప్రతి యేడు అయ్యేది కాదు, ఆ పూట ఇడిస్తే మల్ల ఎన్నేండ్లకో.

శిఖం లెక్క కోసం పాత పహాణీ (భూమి రికార్డు), ఊరి నక్ష (మ్యాపు) తహసీల్ ఆఫీసుల నకలు అడగండి, 1954-55 ఖాస్రా పహాణీ ఉంటే ఇంకా మంచిది, ఆ సర్వే నంబర్ల కాడ శిఖం అని రాసి ఉంటది. ఇండ్ల ఒక చిక్కుంది. శిఖం పట్టా భూములు కూడ ఉంటయి, నీళ్లు తగ్గినంక అండ్ల పంట ఏసుకునే హక్కు ఆ రైతుకు ఉంటది, కాని మట్టి పోసి లేపుడు, ఇల్లు కట్టుడు, ప్లాట్లు కొట్టుడు కుదరదు. ఈ తేడా తెల్వక పంట ఏసుకునే పేద రైతును ఆక్రమణదారుడు అని తిట్టుడు నేను చానా కాడ చూసిన, అది అన్యాయం. చెరువు బయట కూడ కొంత జాగ ఇడవాలె, పది హెక్టార్లు, అంటే దగ్గర దగ్గర 25 ఎకరాలు, అంతకంటె పెద్ద చెరువైతే 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు ఏ కట్టడం ఉండొద్దని మన బిల్డింగ్ రూల్స్ చెప్తయి.

మత్తడిని ఎవ్వరు ముట్టొద్దు. నీళ్లు ఇంకిన్ని ఆగాలె అని ఇసుక బస్తాలు పేర్చేటోళ్లుంటరు, శిఖంల పంట మునుగుతదని రాత్రిపూట రెండు రాళ్లు ఊడపీకేటోళ్లుంటరు. మొదటిదానితోని కట్ట మీద బరువు పడ్తది, రెండోదానితోని ఆయకట్టు చివరి మడికి నీళ్లందవు. రెండూ తప్పే.

కట్ట గురించి జర ఎక్కువ చెప్త, ఎందుకంటే ఒక్కసారి తెగితే అయిపోయినట్టే. వనపర్తి దిక్కు సరళాసాగర్ కట్ట 2019 డిసెంబర్ 31న తెగి నీళ్లన్ని పోయినయి, అంత పేరున్న ప్రాజెక్టుకే అట్లైంది, ఊరి చెరువు ఎంత. వానకాలం ముందు కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాక నడవాలె, పైన కాదు, కింద పొలాల దిక్కు కట్ట అడుగు పట్టుకొని నడవాలె. ఎలుక బొక్కలు, ఎండ్రికాయ బొక్కలు, నెర్రెలు, కుంగిన జాగలు చూస్కోవాలె. నీళ్లున్నప్పుడు కట్ట కింద చెమ్మ పట్టుడు, సన్నగ ఊట కారుడు ఉంటనే ఉంటది. ఆ ఊట నీళ్లు చేతిల పట్టి చూడండి. తేటగ ఉంటే దాని మీద కన్నేసి ఉంచితే సాలు. మురికిగ, ఎర్రగ వస్తున్నయంటే కట్ట లోపటి మట్టి కొట్టుకొస్తున్నట్టు, అప్పుడు ఒక్క గంట కూడ ఆగొద్దు, ఇరిగేషన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు), పంచాయతికి ఫోన్ చెయ్యాలె, కింద ఇండ్లుంటే ఖాళీ చెయ్యమని చెప్పాలె, ఊట లేసే కాడ చుట్టు ఇసుక బస్తాలు పేర్చాలె. బస్తాలు ఊట బొక్కల కుక్కొద్దు, చుట్టు గుండ్రంగ పేరిస్తే లోపట నీళ్లు కొంత లేసి ఒత్తిడి తగ్గుతది, మట్టి రాకుండ ఆగుతది.

సర్కారు తుమ్మ కట్టకు పెద్ద శత్రువు. పైన కొడితే సాలదు, మొదట్లకెల్లి పది కొమ్మలు లేస్తయి. ఎండకాలంల చిన్న చెట్లను ఏరు మొదలు దాక తవ్వి పీకాలె. కట్ట మీద బాగ పెద్దగైనవుంటే మాత్రం మీరే జేసీబీ పెట్టి పీకకండి, ఏరు ఊడొస్తే కట్టల గుంత పడ్తది, ఆ గుంత నింపి గట్టిగ దిమ్మిస కొట్టాలె, ఏఈ చూస్తుంటేనే చెయ్యాలె. కట్ట మీద మర్రి, రావి లాంటి పెద్ద చెట్లు కొత్తగ పెట్టకండి, వాటి ఏర్లు ఎండి కుళ్లితే అదే నీళ్లకు తొవ్వైతది. గరిక పర్సండి, వట్టివేరు పెట్టండి, మట్టి గట్టిగ పట్టుకుంటది.

పూడిక మట్టి తీసే పనిల ఊరంత ఒక్కటైతది. మిషన్ కాకతీయ 2015ల మొదలైనప్పుడు సర్కారు తవ్విస్తే రైతులు సొంత ఖర్చుతోని మట్టి చేన్లకు తోలుకున్నరు, ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తది. చెరువు మట్టి మన చెల్క భూములకు బలం, నీళ్లు పట్టి ఉంచుతది, కాని తోలేముందు ఒక్కసారి మట్టి పరీక్ష చేపియ్యండి, చౌడు ఉన్న మట్టి చేన్ల పోస్తే మల్ల తీసుడు కాదు. తవ్వేటప్పుడు కట్ట పొంటి తవ్వనియ్యొద్దు, కట్ట అడుగు బలం పోతది. బావుల తీరుగ లోతు గుంతలు తియ్యనియ్యొద్దు, అండ్ల పిల్లలు, బర్లు పడి సచ్చిన ఊర్లు ఎన్నో. నల్లటి పూడిక అయిపోయి మొరం వచ్చిందంటే అక్కడ ఆపాలె. పూడిక పేరు చెప్పి రాత్రిళ్లు టిప్పర్లల మొరం తోలుకపోయేటోళ్లుంటరు, అది చెరువు బాగు కాదు దొంగతనం, టిప్పర్ల నంబరు ఫొటో తీసి తహసీల్దారుకు పంపండి.

గుర్రపుడెక్క పట్టిన చెరువైతే, అదెందుకొచ్చిందో ముందు చూడండి. ఊరి మోరీ నీళ్లు నేరుగ చెరువుల పడ్తున్నంత కాలం ఎన్నిసార్లు పీకినా అది వస్తది, ఆ మురికే దానికి ఎరువు. మోరీ కలిసే కాడ ఒక చిన్న కుంట లెక్క తవ్వి, జమ్ము, తుంగ పెరగనిస్తే మురికి కొంత అక్కడనే దిగుతది, మిగిలిన నీళ్లు చెరువుకు పోతయి. గుర్రపుడెక్క తీసేటప్పుడు గాలి ఏ దిక్కుకు తోస్తే ఆ ఒడ్డుకు పోయి అక్కడ గుంజండి, సగం పని గాలే చేస్తది. తీసింది ఒడ్డు మీద ఇడిచిపెడితే మొదటి వానకే మల్ల నీళ్లల్లకు వస్తది, దూరం తీస్కపోయి పెంటతోని కలిపి ఎరువు చెయ్యాలె. జమ్మును మాత్రం ఎక్కడున్నదక్కడ మొత్తం కోసెయ్యొద్దు, నీటికోళ్లు గుడ్లు పెట్టేది అండ్లనే.

ఇప్పుడు మొక్కల సంగతికి వస్తున్న, నీళ్లు వచ్చుడు మొదలైనంకనే. చెరువు పై అంచుల, నీళ్లు కొన్నాళ్లు నిలిచి పోయే కాడ నల్లతుమ్మ, నీటి మద్ది, కానుగ తట్టుకుంటయి. నల్లతుమ్మ మీద ముండ్లని చిన్నచూపు చూడకండి, నీళ్లల్ల నిలబడ్డ తుమ్మల మీదనే కొంగలు గూళ్లు కడ్తయి, కుక్కలు, పిల్లులు అక్కడిదాక రాలేవు కదా. జర మెట్టకు నేరేడు, వావిలి, ఈత, తాటి పెట్టండి, ఈత తాళ్లు గౌడన్నలకు అప్పజెప్తే నీళ్లు పోసి కాపాడ్తరు. కోరింగల కూడ మడను ఎక్కువ కాపాడింది ఎవరంటే ఆ నీళ్ల మీద బతికేటోళ్లే, అండ్ల చేపలు, రొయ్యలు, పీతలు ఉంటేనే వాళ్ల ఇంట్ల పొయ్యి ఎలిగేది.

ఆ లెక్కన మన చెరువుకు మొదటి కాపలాదారులు ముదిరాజ్, గంగపుత్ర సంఘపోళ్లు. చెరువు మీటింగ్ పెట్టి వాళ్లను పిలవకపోతే ఆ మీటింగ్ ఎందుకు, దండుగ. యాసంగి పంటకు తూము తీసి మొత్తం నీళ్లు ఖాళీ చేస్తే చేప పోతది, చేప కోసం తూము మూస్తే పంట ఎండుతది, ఈ పంచాయితీ ప్రతి ఊర్ల ఉంటది. పరిష్కారం ఒక్కటే, తూము కాడ ఒక గుర్తు రంగుతోని గీసి, నీళ్లు ఆ గీత కింది దాక తియ్యొద్దని వాన పడకముందే రెండు దిక్కులోళ్లు సంతకం పెట్టాలె. వానలు మొదలైనంక కొర్రమట్ట జంటలను పట్టొద్దని కూడ అనుకోండి. ఒడ్డు పక్కన గడ్డిల నీళ్ల మీద ఎర్రగ, చిన్నచిన్న పిల్లలు ఒక్క గుంపుగ కదులుతుంటే చూడండి, అవి కొర్రమట్ట పిల్లలు, వాటి కిందనే తల్లిదండ్రులు కాపలా తిరుగుతుంటయి. ఆ టైమ్‌ల తల్లిని గాలమేసి పడితే ఆ గుంపు మొత్తం వేరే చేపలకు తిండైతది. మన రాష్ట్ర చేప అది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మాత్రం ఎవ్వరు తెచ్చి ఏసినా ఒప్పుకోవద్దు, దేశంలనే నిషేధం, చెరువుల ఉన్న చిన్న చేపలన్ని తినేస్తది.

బడి పిల్లలతోని పక్షులు లెక్కపెట్టియ్యండి, ఖర్చు లేని పని. ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినం, 1971ల ఆ రోజే చిత్తడి నేలలను కాపాడేతందుకు ఇరాన్‌ల రామ్‌సర్ ఒప్పందం అయింది, మనకు అది సరిగ్గ కలిసొస్తది ఎందుకంటే చలికాలం వలస బాతులు అప్పటికి ఇంకా చెరువులల్లనే ఉంటయి. తెల్ల తల మీద రెండు నల్ల గీతలున్న బూడిదరంగు బాతు కనపడ్తే పిల్లలకు చెప్పండి, అది హిమాలయాలు దాటుకొని వచ్చింది అని. లెక్క ఈబర్డ్‌ల (పక్షుల లెక్కలు దాచే వెబ్‌సైట్‌ల) ఎక్కిస్తే శాశ్వతంగ ఉంటది, రేపు ఎవరన్న ఇది పనికిరాని కుంట అంటే చూపియ్యొచ్చు.

కమిటీల ఎవరుండాలె అంటే పై ఆయకట్టు ఒకరు, చివరి ఆయకట్టు ఒకరు, చేపల సంఘం, గొర్లకాపరులు, బట్టలు ఉతికేటోళ్లు, మహిళా సంఘం నుంచి ఇద్దరు ముగ్గురు. చివరి ఆయకట్టు రైతు కచ్చితంగ ఉండాలె, చెరువుల నీళ్లు తగ్గితే మొదలు ఎండేది ఆయన మడే. ఆడోళ్ల మాట చానా ముఖ్యం, మా నల్లగొండల ఫ్లోరైడ్‌తోని నడుములు వంగిపోయిన ఇండ్లు ఎన్నో, లోతు బోర్లల నీళ్లు తాగి ఆ గతి పట్టింది, చెరువు నిండితే పక్కన ఊటబావులు లేస్తయి, అంత లోతుకు పోయే అవసరం తగ్గుతది అన్న సంగతి వాళ్లకు ఎవ్వరు చెప్పక్కర్లే. బతుకమ్మ ముందు చెరువు ఒడ్డు సాఫ్ చేసే రోజు పెట్టుకుంటే పిలవకున్నా జనం వస్తరు, కట్ట మైసమ్మ కాడ కూడ అట్లనే. వినాయకులు మట్టివి పెట్టాలని గణేష్ మండపాలోళ్లతోని నెల ముందే మాట్లాడాలె, నిమజ్జనం రోజు చెప్తే ఎవ్వరు ఇనరు. పైసలు ఎంత వచ్చినా ఎంత పోయినా పంచాయతి గోడ మీద రాయండి, చానా కమిటీలు లెక్కల కాడనే ఇరుగుతయి.

కాగితం పని ఇట్ల చెయ్యండి. ముందు గ్రామసభల తీర్మానం. దాని నకలు పెట్టి తహసీల్దారుకు, ఇరిగేషన్ ఏఈకి ఒక్కటే దరఖాస్తు, సర్వే నంబర్, ఏం పూడ్చిండ్రు, ఎప్పుడు, ఫొటోలు, నక్ష నకలు. నీళ్లు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 పేరు రాయండి, ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తీసెయ్యాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకు చెప్పింది, అది కూడ రాయండి. 2017 చిత్తడి నేలల రూల్స్ మీద మాత్రం ఆధారపడకండి, సాగునీళ్లకు, తాగునీళ్లకు కట్టిన చెరువులు వాటి కిందికి రావు. పని కాకుంటే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిల ఇచ్చి రసీదు తీస్కోండి, తర్వాత ఆ రసీదు నంబర్ మీద ఏం చేసిండ్రని సమాచార హక్కు కింద అడగండి, 30 రోజులల జవాబు ఇయ్యాలె. వెంచరోళ్ల సంగతైతే ఒక్కరి పేరు మీద పెట్టకండి, ఇరవై మంది సంతకాలు ఉండాలె, ఒక్కడిని బెదిరించుడు సులువు, ఇరవై మందిని కాదు.

చివరగ నీళ్లు రాని యేడు. పాలమూరుల ఇది కొత్త కాదు, వరసగ రెండేండ్లు కుంట ఎండిన ఊర్లున్నయి, జనం పూణె, ముంబై వలస పోతరు, ఊర్ల చూసేటోడు ఉండడు, జాగ ఆక్రమించేతందుకు శిఖంల కడీలు (రాతి స్తంభాలు) పాతుడు సరిగ్గ అప్పుడే అయితది. అందుకే ఎండిన యేడు చెరువు పని ఆపొద్దు, అప్పుడే కాలువ తవ్వుడు, పూడిక తీసుడు, సర్కారు తుమ్మ పీకుడు సులువు, ఉపాధి పనులల పెట్టిస్తే ఉన్నోళ్లకు కూలీ కూడ దొరుకుతది. ఎఫ్‌టీఎల్ ఫొటోలు పట్టుకొని సర్వేయర్‌ను పిలిపిచ్చి హద్దు రాళ్లు ఆ యేడే ఏపియ్యండి. కొత్త కడీలు కనపడ్తే అదే వారం దరఖాస్తు పడాలె, ఒక పంట తీసినంక మాట్లాడుదాం అంటే అప్పటికి బోరు కూడ ఏస్తరు, కరెంటు మీటరు కూడ తెచ్చుకుంటరు.